కాలిపోయిందన్న మానిటర్

ఒరేయ్ మేధావీ,

నా లాప్‌టాప్‌ని ఇవాళ్టికి ఇంట్లో టేబుల్ మీదే వదిలేశా. నన్నడక్కుండా దాంట్లో లినక్స్ ఎక్కించింది నువ్వే కాబట్టి, సరిచేసేదీ నువ్వే. దాంట్లో గ్రాఫిక్స్ చిప్పులు రెండున్నాయి. బయటి మానిటర్‌కి బొమ్మ పంపేది రెండోది. బ్యాటరీ ఆదా అవుతుందని నువ్వు ఆపేసింది సరిగ్గా దాన్నే. గ్రాఫిక్స్ సెట్టింగుల్లో, రెండు చిప్పులూ పనిచేసేలా "హైబ్రిడ్" అని పెట్టి, లాప్‌టాప్ మొత్తం ఆపి మళ్ళీ ఆన్ చెయ్యి. ఊరికే లాగౌట్ అయితే సరిపోదు. అంతేరా. మా ఆఫీసులో ఒకావిడ టీ చల్లారేలోపు చెప్పేసింది.

నువ్వేమో నా మానిటర్‌లో బొమ్మ రావట్లేదని కేబుల్ నాలుగుసార్లు పీకి పెట్టి, "మానిటర్ కాలిపోయిందక్కా, నా మాట విను" అని తేల్చేశావు. నేను ఇంటికొచ్చేసరికి నిక్షేపంలాంటి మానిటర్‌ని పాత సామాన్లవాడికి ఇచ్చేశావు కూడా. పైగా అమ్మతో "అక్కకి ఏదీ వాడడం చేతకాదు" అన్నావట. అమ్మ నమ్మేసింది. అప్పట్నుంచీ లాప్‌టాప్ జానెడు తెర మీదే ఇళ్ళ ప్లాన్లు గీస్తున్నా. నిన్న మెట్ల కొలత తప్పుగా చూసి, అందరి ముందూ చీవాట్లు తిన్నా.

కూర ఫ్రిజ్‌లో ఉంది, వేడి చేసుకుని తిను. నువ్వు ఆకలికి ఆగలేవు.

అన్నట్టు, నీ గదిలో నీ పెద్ద మానిటర్ కోసం వెతక్కు. అది నాతో ఆఫీసుకి వచ్చేసింది, ఇక తిరిగి రాదు. సాయంత్రం నీ గేమ్ పోటీ ఉందని గుర్తుంది. అందుకే ఇవాళే పట్టుకెళ్ళా. అమ్మ అడిగితే కాలిపోయిందని చెప్పు. నువ్వు చెప్తే నమ్ముతుంది.