ఎడమ పాదం గుర్తు

బుధవారం, 12 జూలై 1978
ధర్మవరం

విరిగిన ఎడమ కాలి కట్టు విప్పి రెండు నెలలైంది. ఇనుప కడ్డీ భుజాన పెట్టుకుని బస్కీలు తీస్తే కాలు దానంతటదే గట్టిపడుతుందనుకున్నాను. నలభై కిలోలు ఎత్తుతున్నానని వీధంతా చెప్పుకున్నాను కూడా, సిగ్గులేకుండా.

నిన్న ఎట్టకేలకు వాన పడింది. పొద్దున కసరత్తు చేసే తాలీంఖానాలో మట్టి మెత్తగా ఉంది. నేను కడ్డీ దించగానే కసరత్తు నేర్పే ఉస్తాద్ నేల చూపించాడు.

"ఏమప్పా, కుడి పాదం గుంత పడిండాది. ఎడమది కోడి తొక్కినట్టుండాది. బరువంతా మంచి కాలే మోస్తాండాది."

నిజమే. ఇన్నాళ్లూ ఎండుమట్టి నా దొంగతనాన్ని దాచింది.

"కడ్డీ ఆడ పెట్టు. ఎడమ కాలొక్కదాంతోనే ఈ రాతిమెట్టు ఎక్కి దిగు."

చిన్నపిల్లల ఆటలా ఉందే అని నవ్వుకున్నాను. ఆరోసారికి తొడ వణికి గోడ పట్టుకున్నాను.

మగ్గం గుంతలో కూర్చుని నేసేటప్పుడు, ఎడమ కాలితో తొక్కాల్సిన పలకను కుడికాలు తొక్కిపెట్టదు కదా. శ్రావణం దాకా నా మగ్గం ఇంకొకరికి ఇవ్వనన్నాడు మగ్గాల షావుకారు. ఇంక మూడు వారాలే. చాలుతాయో లేదో...

వచ్చేముందు తడిమట్టిలో ఎడమ కాలి మీదే కాసేపు నిలబడి, పాదం తీసి చూశాను. ఐదు వేళ్లూ, మడమా అచ్చుపడ్డాయి.