నువ్వు జారిన మెట్టు

నాయనా,

ఈ ఏడు భారతం ఉత్సవానికి కార్వేటినగరం నుంచి అర్జున వేషగాణ్ణి పిలిపిద్దామన్నారు ఊరి పెద్దలు. నేను ఒప్పుకోలేదు, నీ వేషం నేనే కట్టాను. నీ తర్వాత మేళానికి పెద్దను నేనే కదా!

అర్జునుడు తపస్సుకు ఎక్కే తాటిచెట్టంత తపస్సు మాను ఎక్కబోతుంటే మద్దెల మామ చెయ్యి పట్టుకున్నాడు.

"వద్దప్పా, కాళ్ళు వణకతా ఉండాయి."

"వణకనీ మామా. గొంతు వణక్కుంటే సాలు."

పోయినేడు నువ్వు జారిపడిన మెట్టు దగ్గర మనసు గోల పెట్టింది: "నువ్వూ పడతావు, మేళం ఈరోజుతో సరి." నువ్వు నేర్పినట్టే, ఆ గోలకంటే గట్టిగా పద్యం ఎత్తుకున్నాను. కింద మద్దెల అందుకుంది. నువ్వు సగంలో ఆపిన పద్యాన్ని ఆ మెట్టు మీదే నిలబడి పూర్తి చేశాను. కొసకెక్కి నిమ్మకాయలు విసిరితే, పిల్లలు పుడతారని ఆడవాళ్ళు కొంగులు పట్టారు.

భయం పోలేదు నాయనా. పోకపోతే పోనీ. వచ్చే ఏడూ దాన్ని వెంటబెట్టుకొనే ఎక్కుతాను.