కోశాధికారిని మార్చమని

తాడేపల్లిగూడెం

కానిస్టేబుళ్ళ సంఘం అధ్యక్షులు గంగరాజు బాబాయిగారికి నమస్కారాలు.

మావారికి తెలియకుండా రాస్తున్నాను. ఆయన్ని కోశాధికారి పని నుంచి తప్పించండి. ఇదివరకు చందాలు కష్టంలో ఉన్న సభ్యులకు అందేవట. సంఘం కల్యాణమండపం కట్టాక అన్నీ దాని బ్యాంకు అప్పుకే పోతున్నాయి. అక్కడ జరిగేవి ఎక్కువగా పెద్ద ఆఫీసర్ల ఇళ్ళ పెళ్ళిళ్ళు. వాళ్ళను అద్దె అడిగే ధైర్యం ఎవరికీ లేదు. సాయం కోసం వచ్చినవాళ్ళకు మావారు తన జీతంలోంచి ఇస్తున్నారు. ఎందుకండీ అంటే, "సంఘం దగ్గర డబ్బు లేదని ఏ మొహంతో చెప్పనే?" అంటారు.

నిన్న ఆయన డ్యూటీలో ఉండగా దెందులూరు నుంచి ఒక కానిస్టేబుల్ భార్య వచ్చింది. "మా ఆయనకి ఆపరేషనండీ. ఇన్నేళ్ళు చందా కట్టారు కదండీ" అంది. లేదని చెప్పాలనే అనుకున్నాను. నోరు రాక నా చెవిదుద్దులు తీసి ఇచ్చాను.

ఇంక మా ఇంట్లో లేదని చెప్పేవాళ్ళు ఎవరూ లేరండీ.

మీ కూతురులాంటిది