మామయ్యగారికి, గేటు దగ్గర అన్న మాట గురించి

మామయ్యగారూ,

వంట మూతపెట్టి పొయ్యి పక్కనే ఉంచాను, చల్లారకముందే తినండి. మాత్ర తిన్నాకే వేసుకోండి. మీరు బయటికెళ్లి ఇంకా రాలేదు, నాకేమో రాత్రి డ్యూటీకి టైమైపోతోంది. రేపు పొద్దున వీధిలో పిల్లలందర్నీ బడికి నడిపించుకెళ్లడం మాత్రం మానుకోకండి. "ఇక నా వల్ల కాదమ్మా" అని మీరు నా చేతిలో పెట్టిన విజిల్ మళ్లీ కొక్కేనికున్న మీ చొక్కా జేబులోనే వేశాను.

సాయంత్రం బడి వాచ్‌మన్ చెప్పాడు. "రోడ్డు తవ్వే మిషను వెనక్కొస్తుంటే పెద్దాయన పిల్లల్ని గోడకి ఆనించి, తను అడ్డంగా నిలుచున్నాడమ్మా. అది పోయేదాకా ఒక్కర్నీ కదలనివ్వలేదు." నాకు తల కొట్టేసినట్టయింది. పొద్దున ఆలస్యమెందుకైందో మీరు చెప్పబోతే నోరు తెరవనివ్వలేదు. "మీకు పిల్లల్ని అప్పగించడం నాదే బుద్ధితక్కువ" అని బడి గేటు దగ్గర అంతమంది తల్లిదండ్రుల ముందు అరిచాను. ఈ నడక మొదలుపెట్టింది నేనేనన్న గొప్ప నెత్తికెక్కింది.

మీ మొహం చూసి చెప్పలేకే ఇలా రాస్తున్నాను. కానీ అందరి ముందు అన్న మాటకి చాటుగా రాసిన క్షమాపణ సరిపోదు. పొద్దున డ్యూటీ దిగి నేరుగా గేటు దగ్గరికే వస్తాను. వాళ్లందరూ వింటుండగానే చెబుతాను.

మీ కోడలు

అన్నట్టు, పక్కింటి చిన్నది ఇందాక గుమ్మంలోకొచ్చింది. "రేపు తాతయ్యే కదా వచ్చేది? నువ్వైతే అరుస్తావు" అంది. తాతయ్యేనమ్మా అన్నాను.