గుమ్మం ముందు గొడుగు

ప్రియమైన కోటేశ్వరికి,

పున్నమ్మ వందనాలు. ఫోన్ చేయకుండా ఈ ఉత్తరమేమిటని కోప్పడకు. ఫోన్లో నువ్వు నన్ను మాట్లాడనివ్వవు. బడిలో పనిచేసిన రోజుల్లోనూ అంతే, స్టాఫ్ రూములో నా టిఫిన్ నువ్వు తింటూ నా మాటలు కూడా నువ్వే మాట్లాడేదానివి.

పోయిన నెల వానలో పత్తి చేల మధ్య డొంకదారిలో నా పాత గొడుగు గాలికి తిరగబడింది. దాంతోపాటు నేనూ పడ్డాను. కుడి మణికట్టు చిట్లింది. కట్టు విప్పేశారు, ఇప్పుడు బాగానే ఉంది.

రిటైరయ్యాక చర్చి తరఫున మంచాన పడ్డవాళ్ల ఇళ్లకు వెళ్లి ప్రార్థన చేసి వస్తున్నాను కదా. పాస్టర్ మార్క్ గారు ఇక నన్ను ఇంట్లో ఉండమంటున్నారు. నా బదులు క్రిస్టీనా అనే అమ్మాయిని పంపుతారట. ఒకసారి మానేస్తే మళ్లీ వెళ్లనివ్వరని నాకు తెలుసు. ఆ ఇళ్లకు వెళ్లకపోతే పొద్దున్నే లేచి చీర మార్చుకోవడానికి నాకు పనేముంది చెప్పు? ఇంకోసారి పడితే నేనే మానేస్తానని మాటిచ్చి ప్రస్తుతానికి ఒప్పించాను.

అందుకని మీ బ్రాడీపేటలో మంచి గొడుగు చూసి పంపు. సంచిలో బైబిలు పక్కన పట్టాలి. గాలికి తిరగబడకూడదు. ఒంటి చేత్తో తెరుచుకోవాలి, రెండో చేతిలో సంచి ఉంటుంది మరి.

నీ పున్నమ్మ

---

ఏమే పున్నమ్మా,

గొడుగుల కొట్టు గౌస్ బాషాకి ఈ వారం నా వల్ల నిద్ర కరువై ఉంటుంది. ప్రతి గొడుగునీ తెరిపించి, ఆయన స్టాండు ఫ్యాను ఫుల్లుగా పెట్టించి, దాని ముందు నిలబడ్డాను. కొట్టుకొచ్చిన వాళ్లు బేరం మానేసి నన్ను చూశారు. ఇనప ఊచలవి వంగి అలాగే ఉండిపోయాయి. ఫైబర్ ఊచలది వంగి మళ్లీ నిలబడింది. దాని బట్ట రెండు పొరలు, మధ్యలో గాలి పోవడానికి సందు ఉంది. బటన్ నొక్కితే టపీమని తెరుచుకుంటుంది, మడిస్తే జానెడు. అదే తీసుకున్నాను.

నల్లది ఇవ్వబోతే వద్దన్నాను. నా చేత్తో నీకిచ్చేది నల్లగా ఉండటానికి వీల్లేదు. మెంతి రంగుది ఒంగోలు బస్సులో పార్సిల్ వేయించాను.

చెయ్యి బాగానే ఉందని రాశావు. అక్షరాలు మాత్రం ఏడుపు మొహంతో ఎడమకి వాలిపోయి ఉన్నాయి. ఏమిటి సంగతి?

నీ కోటేశ్వరి

---

ప్రియమైన కోటేశ్వరికి,

గొడుగు బంగారం. నిన్న చేల గాలి దాన్ని పట్టుకుని గుంజితే ఊగింది గానీ లొంగలేదు. మిరప తోటలో కలుపు తీసేవాళ్లు దూరం నుంచే నన్ను గుర్తుపడుతున్నారు.

నీ దగ్గర దాచి లాభం లేదు. దాన్ని ముయ్యాలంటే కడ్డీని రెండు చేతులతో గట్టిగా లోపలికి నొక్కాలి. నా కుడి చేతికి ఆ బలం ఇంకా రాలేదు. ఇంట్లోనైతే గోడకి ఆనించి, మోకాలితో అదిమి, నానా తిప్పలూ పడి మూస్తున్నాను. పదిమంది ముందు ఆ సర్కస్ చెయ్యలేను. పాస్టర్ గారికి తెలిస్తే ఆ రోజే నన్ను ఆపేస్తారు. తెరిచిన గొడుగు ఇంట్లోకి తేవడం ఎవరికీ ఇష్టముండదు, బయట వదిలేస్తే గాలికి ఏ చేలోనో తేలుతుంది. అందుకని వాన రోజుల్లో గుమ్మం ముందే నిలబడి ప్రార్థన చేసి వచ్చేస్తున్నాను. లోపలికి రమ్మంటే కాళ్లకి బురద ఉందంటున్నాను.

ఇమ్మానియేలు ఇంటి దగ్గరే చిక్కొచ్చింది. చీమకుర్తి క్వారీలో రాయి పడి నడుం దెబ్బతిన్నవాడు, కదలలేడు. ఎప్పుడూ అతని మంచం పక్కనే కూర్చునేదాన్ని. ఇప్పుడు బయట నుంచే పోతున్నాను. ఆదివారం ఆరాధన అయ్యాక అతని భార్య స్తుతి నన్ను పలకరించకుండా నేరుగా పాస్టర్ గారి దగ్గరికి వెళ్లింది. నా మీద ఫిర్యాదేనని నా భయం. సులువుగా మూతపడేది ఉంటే త్వరగా మార్చి పంపవే.

నీ పున్నమ్మ

---

ఏమే మొండిదానా,

గౌస్ బాషాని మళ్లీ అడిగాను. బటన్ నొక్కితే ముడుచుకునేవి ఉన్నాయి గానీ ఆ తర్వాత కడ్డీని లోపలికి తొయ్యాల్సిందేనట. సులువుగా మూతపడేవి పొడుగు కర్రవి. అవి నీ సంచిలో పట్టవు. నేనింక ఏ గొడుగూ పంపను.

ముయ్యమని ఆ ఇంటివాళ్లనే అడుగు. ఇన్నేళ్లూ మంచాల పక్కన కూర్చుని, సిగ్గుపడకండి, బాధ ఉంటే చెప్పుకోండి అని అందరికీ చెప్పావు. నీ వంతు వచ్చేసరికి నోరు పడిపోయిందా? పాస్టర్ గారు ఆపేస్తే ఆపేయనీ. నువ్వు వానలో గుమ్మం బయటే నిలబడుతున్నావని చదివి నాకు అన్నం సయించలేదు. నువ్వంటే నాకు ప్రాణం. ఇది ఫోన్లో చెప్పలేను కాబట్టి రాస్తున్నాను.

నీ కోటేశ్వరి

---

నా కోటేశ్వరికి,

నీ ఉత్తరం అందిన రోజే వానలో బయల్దేరాను. ఇమ్మానియేలు గుమ్మం ముందు నిలబడి స్తుతిని పిలిచాను. వచ్చింది గానీ నా మొహంలోకి చూడలేదు.

"చేతిలో బలం లేదమ్మా. ఈ గొడుగు నువ్వు మూసిపెట్టు," అన్నాను.

స్తుతి నా చేతి వంక చూసింది. గొడుగు తీసుకుని మూసింది. లోపలికి అడుగు పెడితే ఏముంది, మంచం పక్కన స్టూలు మీద పాస్టర్ మార్క్ గారు! నేనన్న మాట విననే విన్నారు. నా పని అయిపోయిందనుకున్నాను.

ఆయన నా చేతి గురించి అడగలేదు. స్తుతి ఆదివారం ఎందుకొచ్చిందో చెప్పారు. ఫిర్యాదు కాదే కోటేశ్వరీ. టీచర్ గారు మా గడప తొక్కడం లేదు, మా వల్ల ఏం తప్పు జరిగిందో కనుక్కోండి, దిద్దుకుంటాం అని ఇమ్మానియేలే కబురు పంపాడట. ఏం చెప్పాలో తెలియక పాస్టర్ గారే స్వయంగా వచ్చారు.

ఇమ్మానియేలు గడ్డం మాసిపోయి ఉంది. నా వైపు తల తిప్పాడు.

"మంచంలో పడ్డాక ఒక్కొక్కరే రావడం మానేశారండీ. మీరూ మానేశారనుకున్నా," అన్నాడు.

నా చెయ్యి ఎవరికీ కనపడకూడదని నేను చూసుకుంటుంటే, అతను ఆ మంచం మీద తన తప్పు వెతుక్కుంటున్నాడు. ఎంత సిగ్గేసిందో చెప్పలేను. అందరి ముందూ ఏడ్చాను.

వెళ్లేటప్పుడు పాస్టర్ గారు, వచ్చే వారం నుంచి క్రిస్టీనా నాకు తోడుగా వస్తుందన్నారు. బదులుగా కాదు, తోడుగా. ఆ మాట రెండుసార్లు అడిగి నిజమేనని తేల్చుకున్నాను.

స్తుతి టీ పెట్టి గ్లాసు నిండుగా తెచ్చింది. కుడి చెయ్యి ఆ బరువు మొయ్యలేదని ఎడమ చెయ్యి చాపాను. ఆమె ఆ చేతిలోనే పెట్టింది.

నీ పున్నమ్మ