అనప చేనుకు చీకటి మంజూరు కోరుతూ

కంబళ్ళకుంట గ్రామ పంచాయతీ అభివృద్ధి అధికారి గారి సముఖమునకు, అదే గ్రామం, హొసకోటె తాలూకా, రైతు వెంకటరాయప్ప వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: మా చేని గట్టు పక్కన నిలిపిన పెద్ద దీపపు వెలుగు వల్ల అనప పైరు పూత పట్టకపోవుట – చేని వైపు చీకటి ఇప్పించుట – అంతవరకు సదరు గట్టు మీద ఉన్న పుట్టినరోజు ఫ్లెక్సీని తొలగించకుండుట – గురించి.

పై విషయం చదివి తమరు నవ్వుకొనవచ్చును. తమ ఆఫీసులో ఇప్పటికే అందరూ నవ్వారు కనుక నాకు అలవాటైంది. నవ్వు అయిన తరువాత దయచేసి మిగతాది కూడా చదవవలెను.

ఈ అర్జీ తెలుగులో ఎందుకున్నదని అడగవచ్చును. తమరు ముళబాగిలు వైపు వారని, ఇంట్లో మాలాగే తెలుగు మాట్లాడతారని తమ జవాను చెప్పాడు. ఇదివరకు కన్నడంలోనే అర్జీలు ఇచ్చుకున్నాను. కన్నడంలో నాకు మర్యాద బాగా వస్తుంది గానీ కోపం సరిగా రాదు. ఆ మర్యాద వల్ల పని చెడిందని తేలినందున ఈసారి భాష మార్చితిని.

1. పైరు వివరం. నాకు ఒక ఎకరా మెట్ట ఉన్నది. అందులో మా తండ్రి కాలం నుంచీ రాగి, రాగి మధ్య సాళ్ళు వదిలి అనప వేస్తాము. రాగి కోసేసిన తరువాత అనప తీగ మొత్తం చేను పరుచుకుంటుంది. మార్గశిరం మంచు పడేసరికి పూత, ఆ వెనుక కాయ. మంచుకు ఆ కాయ మీద ఒక జిడ్డు పుడుతుంది. దాని వాసన గోళ్ళ సందుల్లో దిగితే సబ్బుకు పోదు. ఆ వాసన కోసమే కె.ఆర్.పురం నుంచి జనం బండ్లు వేసుకొని మా గట్టు దాకా వస్తారు. గింజ నానబెట్టి తొక్క పితికి చేసే పులుసు తమరి ఇంట్లోనూ చేస్తారు కనుక ఇంతకన్నా వివరించను. ఇది నాటు విత్తనము. ఏ అంగట్లోనూ దొరకదు. ప్రతి ఏడాదీ కొంత వేసి, కొంత బూడిద కలిపి కుండలో దాచుకునేవాళ్ళము. నిరుడు కోత వేళ పట్టిన ముసురుకు కాయ చెట్టు మీదే బూజు పట్టింది. అందుచేత ఈ ఏడు దాచడానికి మిగలలేదు. ఉన్న విత్తనమంతా చేలోనే ఉన్నది. ఈ పంట కాయకపోతే కుండ ఖాళీ. మళ్ళీ వేయడానికి ఒక్క గింజ కూడా ఉండదు. నాకు భయంగా ఉన్నదని అర్జీలో వ్రాయవచ్చునో లేదో తెలియదు. అయినా వ్రాశాను.

2. పైరు పరిస్థితి. చేను చూస్తే ఎవరికైనా కడుపు నిండుతుంది. ఆకు అరచేయంత, తీగ మోకాలెత్తు, పచ్చదనం చెప్పనలవి కాదు. పూత మాత్రం లేదు. పక్క ఊళ్ళో అందరి అనపా పూసి, కొందరిది కాయ దిగింది. మాది మాత్రం ఇంకా ఆషాఢంలోనే ఉన్నట్టు తీగ సాగిస్తూనే ఉన్నది. మందుల అంగడి అతను యూరియా తక్కువైందన్నాడు, వేశాను. ఆకు ఇంకా పెరిగింది. పూత మందు అని ఒక సీసా ఇచ్చాడు, కొట్టాను. ఆకు మెరిసింది. మా ఇంటామె చిక్కమ్మ దిష్టి అన్నది. చేని నడుమ గడ్డి బొమ్మకు నా చొక్కా తొడిగింది. మంచి చొక్కా.

3. కారణం తెలిసిన విధము. పంచాయతీ సభ్యులు పెద్దమునియప్ప గారి పుట్టినరోజుకు ఆయన అభిమానులు నా గట్టు మీద, నన్ను అడగకుండానే, సర్వి కొయ్యలు పాతి ఒక పెద్ద ఫ్లెక్సీ కట్టారు. ఆయన చేతులు జోడించి మీసం కింద నవ్వుతూ ఉంటారు. పుట్టినరోజు ఎప్పుడో అయిపోయింది, ఫ్లెక్సీ మాత్రం ఉండిపోయింది. తమరు నమ్మండి నమ్మకపోండి, ఎకరా మొత్తంలో ఆ ఫ్లెక్సీ వెనకాల ఉన్న తీగలు మాత్రమే పూశాయి. తెల్లగా, గుత్తులు గుత్తులుగా పూశాయి. మా ఇంటామె అది ఆయన మహిమే అనుకొని ఆ ఫ్లెక్సీకి రోజూ ఊదుబత్తి వెలిగించసాగింది. పెద్దమునియప్ప గారికి నేను ఓటు వేయలేదని, అందుకే ఆయన నీడ పడిన చోటే పూసిందని నన్ను నాలుగు తిట్టింది కూడా.

అప్పుడు రైతు సంపర్క కేంద్రానికి కొత్తగా వచ్చిన భవ్య అనే అమ్మాయి చేను చూడటానికి వచ్చింది. ఆకు తిప్పి చూసింది, వేరు పెరికి చూసింది. ఊదుబత్తి కూడా చూసింది. తరువాత తల ఎత్తి దీపాన్ని చూసింది.

"తాతా, ఈ లైటు ఎప్పుడు పెట్టినారు?"

"పోయిన ఎండాకాలం."

"అదే మీ పురుగు. నాటు అనపకు పొద్దు కురచై చీకటి పొడుగైతేనే పూసే కాలం వచ్చిందని తెలుస్తుంది. మీ చేనుకు రాత్రే రావడం లేదు. ఇంకా ఎండాకాలమే అనుకుంటా ఉండాది."

ఫ్లెక్సీ నీడలో ఉన్న తీగలకు మాత్రం రాత్రి అందింది, అవి పూశాయి. అంతే సంగతి. పెద్దమునియప్ప గారి వల్ల ఈ ఊరికి జరిగిన మేలు ఇది ఒక్కటే అని, అదీ ఆయన వీపు వైపున జరిగిందని మనవి చేసుకుంటున్నాను.

అన్ని కాలాల్లో కాసే కొత్త రకాలు వచ్చాయని, వాటికి పగలు రాత్రి పట్టింపు లేదని కూడా ఆ అమ్మాయి చెప్పింది. మంచి రకాలే. వేసుకున్నవాళ్ళు బాగుపడ్డారు. నేను వాటిని తక్కువ చేయను. కానీ వాటి కాయకు ఆ వాసన రాదు. పైగా నా విత్తనం చచ్చిపోతుంటే వేరే విత్తనం వేసుకోమనడం నాకు ఓదార్పుగా తోచలేదు.

4. తమ ఆఫీసు వారు తీసుకున్న చర్య. కారణం తెలిసిన మరునాడే దీపం గురించి కన్నడంలో అర్జీ ఇచ్చితిని. 'సదరు దీపం వలన మిక్కిలి బాధ పడుచున్నాము' అని మర్యాదగా వ్రాశాను. దీపం గురించి ఫిర్యాదు అంటే దీపం వెలగడం లేదనే ఫిర్యాదు అని తమవారు నిశ్చయించుకొన్నారు. తమ మనిషి ఎల్లయ్య నిచ్చెన బండి తెచ్చి, వెలుగుతున్న బల్బు తీసి, అంతకంటే పెద్ద బల్బు బిగించి పోయాడు. నా ఫోనుకు 'సమస్య పరిష్కరించబడినది' అని సందేశం వచ్చింది. ఆ రాత్రి మా ఇంటి పెంకుల మీద పిల్లి మీసాలు లెక్కపెట్టవచ్చును.

పరుగెత్తి వెళ్ళి ఎల్లయ్యను పట్టుకున్నాను.

"వెలుగు ఎక్కువైందని అర్జీ పెట్టినోణ్ణి నా సర్వీసులో చూడలేదప్పా! నేనేం జేసేది?" అన్నాడు.

"చేని పక్కకు ఒక రేకు మూత కట్టప్పా, రోడ్డు పక్కకు వెలుగు పోనీ."

"దీపం పెట్టేదానికి స్కీము ఉండాది. మూసేదానికి స్కీము లేదు. అయినా ఆ పొద్దు స్విచ్చి నొక్కింది నువ్వే గదా?"

నిజమే. ప్రారంభం రోజున పెద్దవాడినని పిలిచి, శాలువా కప్పి, నా చేతనే స్విచ్చి నొక్కించారు. శాలువా ఇంట్లో భద్రంగా ఉన్నది. అవసరమైతే తిరిగి ఇచ్చుకోగలను.

5. దీపం తీసేయమని ఎందుకు అడగడం లేదు. ఇది ముఖ్యము. కోపంలో ఒకనాడు ఇంట్లో అన్నం ముందు కూర్చొని, ఆ దీపం రాయి పెట్టి కొడతానని అరిచాను. మా కోడలు శశికళ హొసకోటెలో బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపని చేస్తుంది. రెండో షిఫ్టు. ఫ్యాక్టరీ బస్సు పెద్ద రోడ్డు మీద దింపిపోతే, అక్కడి నుంచి మా చేని గట్టు వెంబడే నడిచి రావాలి. ఆమె వడ్డిస్తున్న గరిటె గిన్నెలో పెట్టేసింది.

"కొట్టు మామా. కొట్టి, నువ్వే రోజూ వచ్చి రోడ్డుకాడ నిలబడు. నన్నొక్కదాన్నే కాదు, ఆ బస్సు దిగే ఆడోళ్ళందర్నీ ఇంటికాడ విడిచిపెట్టి రా. లైటు లేనప్పుడు బండ్లేసుకోని ఎనకాల వచ్చేవాళ్ళు. నీకు చెప్పినానా? చెప్పలే. చెప్తే పని మానుకోమంటారని చెప్పలే."

ఇంత కాలం ఒకే ఇంట్లో ఉండి ఆ సంగతి నాకు తెలియదు. అందుచేత సదరు దీపం ఉండవలెను, రాత్రంతా వెలగవలెను. పెద్ద బల్బు కూడా ఉంచుకోండి. నేను అడిగేది చేని వైపు ఒక రేకు మూత, అంతే. రోడ్డుకు వెలుగు, చేనుకు చీకటి. పక్కపక్కనే ఉన్న రెండింటికి రెండు రకాలుగా ఇవ్వడం సర్కారుకు కష్టమని తెలుసు. అయినా అడుగుతున్నాను.

6. ఫ్లెక్సీ గురించి. అనుమతి లేని ఫ్లెక్సీలన్నీ తీసివేయుదురని విన్నాను. తీయవలసినవే. ఊరంతా తీయండి, అభ్యంతరం లేదు. నా గట్టు మీది పెద్దమునియప్ప గారిని మాత్రం రేకు మూత వచ్చేదాకా, లేదా ఆ నీడలోని కాయ ముదిరి ఎండేదాకా కదిలించవద్దు. ఇప్పుడు పిందె పట్టింది. పిందె దశలో వెలుగు పడితే ఏమవుతుందో నాకు తెలియదు, తెలుసుకునే ధైర్యమూ లేదు. ఈ ఊళ్ళో ఫ్లెక్సీ ఉంచమని అర్జీ పెట్టిన రైతు నేనొక్కడినే అయి ఉంటాను. దీన్ని పార్టీ విషయంగా తీసుకోవద్దు. నా ఓటు సంగతి పైన మనవి చేసే ఉన్నాను.

7. మంచు ఎంతో కాలం ఉండదు. ఇప్పుడు చీకటి దొరికినా మిగతా చేను కొంత పూయవచ్చునని భవ్య చెప్పింది. సంక్రాంతి దాటాక ఎంత చీకటి మంజూరు చేసినా నాకు ఉపయోగం లేదు. అందువల్ల దీనిని పై ఆఫీసుకు పంపి, అక్కడి నుంచి ఇంకో ఆఫీసుకు పంపి, చివరకు మళ్ళీ ఎల్లయ్య చేతికి ఇచ్చి, ఆయన చేత ఇంకో పెద్ద బల్బు పెట్టించవద్దని వేడుకుంటున్నాను.

ప్రతి ఏడాదీ మొదటి కోతలో ఒక సంచి కాయ తమ ఆఫీసుకు పంపడం మా ఆచారము. అది లంచం కాదు, ఊరి మర్యాద. ఈ ఏడాది సంచి రాలేదని తమ ఆఫీసులో ఎవరైనా అనుకొని ఉంటే, ఎందుకు రాలేదో ఇప్పుడు తెలిసి ఉంటుంది.

కావున పై సంగతులన్నీ చిత్తగించి, నా చేనుకు రావలసిన రాత్రిని నా చేనుకు ఇప్పించవలెనని ప్రార్థన.

ఇట్లు,
కోపం వచ్చినా తమ విధేయుడే అయిన,
వెంకటరాయప్ప
కంబళ్ళకుంట

తా.క. పై అర్జీ నిన్ననే ఇవ్వవలసినది. ఇచ్చే ముందు ఒకసారి చూడమని తమ గుమాస్తా గారికి చూపించితిని. ఆరవ పేరా దాకా చదివి, "ఓహో, అక్కడొక అక్రమ ఫ్లెక్సీ ఉండాదా?" అన్నారు. నేను ఇల్లు చేరేలోపు మనుషులు వచ్చి దాన్ని చింపుకొని పోయారు. తమ ఆఫీసులో ఇంత వేగంగా పని జరుగుతుందని నాకు తెలియదు. కొయ్యలు మాత్రం బరువని వదిలేశారు.

నేను గట్టు మీద కూలబడిపోయాను. ఏడ్చానని చెప్పడానికి సిగ్గు లేదు. శశికళకు నిన్న సెలవు. వచ్చి నన్ను చూసింది, కొయ్యలను చూసింది, ఇంట్లోకి పోయింది. సాయంత్రం దాకా మిషను చప్పుడు వినిపిస్తూనే ఉండింది. తనవీ, మా ఇంటామెవీ, తనతో బస్సు దిగే ఆడవాళ్ళ ఇళ్ళ నుంచి అడిగి తెచ్చినవీ పాత చీరలు రెండు మడతలు వేసి ఒకటిగా కుట్టి, దీపం వెలగకముందే ఆ కొయ్యలకు కట్టించింది. పెద్దమునియప్ప గారికన్నా వెడల్పుగా వచ్చింది. నీడ ఇంకొన్ని సాళ్ళ మీద పడింది.

"రోడ్డు పక్కకు ఒక్క గుడ్డ కూడా రానియ్యలే మామా, చూసుకో" అన్నది.

చూసుకున్నాను. రోడ్డు మీద వెలుగు అట్లాగే ఉన్నది. అయ్యా, రేకు మూత సంగతి తమరి దయ. తమ మనుషులు మళ్ళీ వస్తే మాత్రం ఆ చీరలు విప్పవద్దని చెప్పండి. వాటి మీద ఎవరి బొమ్మా లేదు.