ఎడమ పక్క మెట్టు కొలత

మా అమ్మడికి నాన్న దీవించి రాసేది. ఇక్కడ నేనూ మీ అమ్మా తింటున్నాం, తిరుగుతున్నాం, ఒకళ్ళనొకళ్ళు విసుక్కుంటున్నాం, కాబట్టి బాగున్నట్టే లెక్క. నువ్వు కూడా వేళకి తిని, ఆ భూతద్దం కింద కళ్ళు పాడుచేసుకోకుండా ఉన్నావనుకుంటాను.

అక్షరాలు చూసి కంగారుపడకు. ఎప్పుడూ రాసిపెట్టే టైలరుకి ఈసారి చెప్పలేదు. నేనే రాస్తున్నా. నాలుగు రోజులు పట్టింది. అక్షరాలు నా చేతిలో ఒంకర్లు పోతాయిగానీ అంకెలు పోవు, ఆ సంగతి నీకు తెలుసు. వేరేవాడి చేత ఎందుకు రాయించలేదో చదివితే నీకే తెలుస్తుంది.

ముందు నువ్వు అడిగినవి చెబుతా. నువ్వు చేసే బొమ్మ రైలింజనుకి మ్యూజియం వాళ్ళు ఇచ్చిన డ్రాయింగుకీ, పుస్తకంలో దొరికిన డ్రాయింగుకీ కలవడం లేదని రాశావు. కలవవు. డ్రాయింగులో ఉన్న ఇంజను ఏ షెడ్డులోనూ పుట్టలేదు. రెండూ చేతికి నూనె అంటని వాళ్ళు కూర్చుని గీసినవే. ముప్ఫై నాలుగేళ్ళు దాని కింద పడుకున్నవాడిని అడిగావు చూడు, అదీ తెలివైన పని.

మన డీజిలు ఇంజను ఇంకా ఉంది. షెడ్డు వెనక చివరి లైన్లో, నడుం ఎత్తు గడ్డిలో నిలబెట్టారు. వచ్చే నెల తుక్కు కింద గ్యాసుతో కోసేస్తారట. అందుకే ఎండ అని చూడకుండా వెళ్ళా. గేటు దగ్గరికి వస్తూ వాచ్‌మన్ నవ్వాడు.

"తాతా, మీ అమ్మాయి అరచేతిలో పట్టే బొమ్మ చేస్తుంటే నువ్వు ఇంత ఇనుము కొలవాలా?"

"చంటిపిల్లకి చొక్కా కుట్టినా ఒళ్ళు కొలుస్తారు. నీ చొక్కా చూస్తే నిన్నెవరూ కొలవలేదని తెలుస్తోంది," అన్నా. చొక్కా సర్దుకుని తాళం తీశాడు.

చక్రం అడిగావు. డ్రాయింగులో 1092 మిల్లీమీటర్లు. నేను కొలిస్తే 1043. రెండూ నిజమే. తిరిగి తిరిగి అరిగింది. ఫ్యాక్టరీ నుంచి దిగిన రోజు ఇంజను చేస్తే 1092 వేసుకో, మేము నడిపించిన ఇంజను చేస్తే 1043. క్యాబిను లోపలి నేల నుంచి కిటికీ కింది అంచు 1015. పుస్తకంలో 960 అన్నది మొదట్లో వచ్చిన వాటికి. మోచెయ్యి ఆనించుకోవడానికి లేదని డ్రైవర్లు గొడవ చేస్తే తర్వాత ఎత్తారు. ఇలాంటివి ఏ డ్రాయింగులోనూ ఉండవు.

ఇక పొడుగు. ముందు కొస బఫరు దిమ్మ నుంచి వెనక కొస బఫరు దిమ్మకి. ఇది ఇద్దరి పని. మీ మామయ్యా నేనూ ఎలా కొలిచేవాళ్ళమో నువ్వు చూసే ఉంటావు. సున్నా ఉన్న కొస తను పట్టుకునేవాడు, చదివే కొస నాది. మధ్యలో అంత ఇంజను, ఇంజన్ల చప్పుడు, అరిచినా వినపడదు. అందుకని సున్నా కుదరగానే టేపు రెండుసార్లు లాగేవాడు. అప్పుడు నేను చదవాలి. చదివి నేను ఒకసారి లాగితే తను కొస వదిలేసి బయటికొస్తాడు. టేపు నా చేతిలో వదులైతే మనిషి బయటపడ్డట్టు. ఇరవై ఏళ్ళు అంతే, ఒక్క మాట లేకుండా. నేను ఎప్పుడైనా తొందరపడి కొలత ముందే చెప్పేస్తే, "బావ కొలత బావది, ఇంజను కొలత ఇంజనుది" అని పదిమందిలో ఆటపట్టించేవాడు. నాకు ఒళ్ళు మండేది.

మొన్న నేను ఒక్కడినే కదా. టేపు కొస ముందు బఫరుకి తీగతో కట్టి, వెనక్కి నడిచొచ్చి బిగించా. చదువుదామని వంగేసరికి టేపు రెండుసార్లు లాగింది.

గాలి అనుకున్నా. గాలి లేదు. గడ్డి పరక కూడా కదలడం లేదు. నేను మొండివాణ్ణి, భయపడలేదు. 15,830 అని చదివి రాసుకున్నా. అలవాటు కొద్దీ నేనూ ఒకసారి లాగా. టేపు వదులైపోయింది. వెళ్ళి చూస్తే నేను కట్టిన తీగ విప్పి, చుట్ట చుట్టి, బఫరు మీద పెట్టి ఉంది. తీగ పారెయ్యకుండా చుట్ట చుట్టి దాచడం ఎవరి అలవాటో మీ అమ్మనడిగితే చెబుతుంది.

వాచ్‌మన్ గేటు దగ్గరే కూర్చుని ఉన్నాడు. లోపలికి ఎవరొచ్చారంటే, "నువ్వు తప్ప ఎవరొస్తారు ఈ తుప్పులోకి" అన్నాడు.

మర్నాడు మళ్ళీ వెళ్ళా. ఎందుకంటే నువ్వు అడిగిన చివరి ప్రశ్న మిగిలింది. కుడి పక్క ఫోటోలో ఇంజను ఎక్కడానికి ఉండే ముందు మెట్టుకీ వెనక మెట్టుకీ ఉన్న దూరం, ఎడమ పక్క ఫోటోలో లేదు, ఎడమ ముందు మెట్టు కాస్త వెనక్కి జరిగినట్టుంది, ఏది నిజం నాన్నా అని రాశావు. ఆ ఒక్క ముక్క చదివించుకున్న రోజు నాకు అన్నం సయించలేదు.

కుడి పక్క 13,420. అక్కడా టేపు రెండుసార్లు లాగింది. ఎడమ పక్కకి వచ్చేసరికి లాగలేదు. చాలాసేపు నిలబడ్డా. సరేలే అని చదివా, 13,391. మళ్ళీ చదివా, 13,402. మళ్ళీ చదివా, 13,380. నా చేతిలో ఒక కొలత రెండుసార్లు రెండు రకాలుగా రావడం నేను పుట్టి ఎరగను. టేపు మంచిదే, చెయ్యి వణకలేదు. అవతలి కొస ఎవరో పట్టుకుని, చదవనివ్వకుండా అటూ ఇటూ జరుపుతున్నట్టుంది. నీ పేరు చెప్పి బతిమాలా కూడా. నేను బతిమాలానంటే నువ్వు నమ్మవు.

అమ్మడూ, ఇక్కడి నుంచి రాయడానికే నాలుగు రోజులు పట్టింది.

నీకప్పుడు ఏడేళ్ళు. డబ్బా రేకుతో నీకు మొదటి ఇంజను చేసిచ్చిన మామయ్య, తాగి పనిలోకి వచ్చి, చెప్పకుండా ఇంజను ముందు దూరి ప్రాణం పోగొట్టుకున్నాడని అందరూ అన్నారు. పెద్దయ్యాక నువ్వు నన్ను అడిగావు, మామయ్య నిజంగా తాగేవాడా అని. నేను తల ఊపా. అది అబద్ధం. ఆ మనిషి జన్మలో చుక్క ముట్టలేదు.

ఆరోజు ఈ ఇంజనే. బఫరు కొలత. తను ముందు, లైను చివర ఉండే ఇనప స్తంభానికీ ఇంజనుకీ మధ్య. నేను వెనక. అంతకు ముందురోజే నన్ను అందరిలో ఆటపట్టించి ఉన్నాడు. నాకు తెలియని కొలతా అని, టేపు లాగక ముందే అంకె వేసేసి, కదపమని డ్రైవరుకి చెయ్యి ఎత్తా. చక్రం కింద చెక్క తియ్యడానికి అతను ఇంజనుని మూరెడు ముందుకి కదిపాడు. మూరెడే. నేను చెయ్యి దించేలోపే టేపు నా చేతిలో రెండుసార్లు లాగింది. సున్నా కుదిరింది బావా, చదువు అని.

మెట్టు స్తంభానికి తగిలి వంగింది. మధ్యలో మీ మామయ్య ఉన్నాడు.

తాగిన వాసన వచ్చిందని ఆఫీసులో ఎవరో కాగితం మీద రాశారు. నేను సంతకం పెట్టా. మెట్టు సంగతి అడిగితే, అది ముందు నుంచీ వంకరే అన్నా. అందరూ నమ్మారు, కొలతల్లో నా మాటకి అంత విలువ. మీ అమ్మ కూడా నమ్మింది. సొంత తమ్ముడి ఫోటో గోడకి పెట్టకుండా ఇన్నేళ్ళు పెట్టె అడుగున దాచుకుంది. నేను ఆ గోడకి ఎదురుగా కూర్చుని అన్నం తిన్నా.

నిన్న ఇక్కడిదాకా రాసి, కాగితాలు మీ అమ్మ చేతికిచ్చి వాకిట్లో కూర్చున్నా. కూడబలుక్కుంటూ రెండుసార్లు చదివింది. నా కంచం పెట్టింది, తను తినలేదు. పొద్దున లేచేసరికి గోడకి మేకు కొడుతోంది. ఫోటో తగిలించాక, నా వైపు చూడకుండా, "టేపు తీసుకోండి," అంది.

దారంతా నాకన్నా పది అడుగులు ముందు నడిచింది. ఇంజను దగ్గరికి వెళ్ళాక ఎడమ ముందు మెట్టు చూపించా. వంగిన చోట చెయ్యి వేసి తడిమింది.

"సున్నా ఇక్కడేనా?"

"అక్కడే."

"వెళ్ళండి. ఈసారి ఆగండి."

వెనక మెట్టు దగ్గరికి వెళ్ళి టేపు బిగించా. బ్యాటరీ పెట్టె అడ్డం, గడ్డి అడ్డం, ఆవిడ కనపడదు. ఆగా. ఎండలో ఎంతసేపు ఆగానో చెప్పలేను. కాకి కూడా అరవలేదు. అప్పుడు టేపు రెండుసార్లు లాగింది.

నేను చదవలేదు. మీ అమ్మే లాగిందో ఏమో కనుక్కుందామని తల పక్కకి పెట్టి చూశా. మీ అమ్మ ఇంజనుకి పది అడుగుల అవతల, గడ్డి లేని చోట, చేతులు కట్టుకుని నిలబడి ఉంది. టేపు నా చేతిలో తీగలా బిగిసే ఉంది.

"నువ్వు లాగావా?" అన్నా.

"నేను ఎప్పుడో వదిలేశా," అంది. "నా చేతిలోంచి మెల్లిగా తీసుకున్నాడు." మళ్ళీ తనే, "ఎన్నిసార్లు లాగాడు?" అంది.

"రెండు."

"అయితే చదవండి. గట్టిగా చదవండి, వాడికి వినపడాలి."

గట్టిగా చదివా. ఆ తర్వాత ఒకసారి లాగా. టేపు వదులైంది.

కుడి పక్క 13,420. ఎడమ పక్క 13,387. ముప్ఫై మూడు మిల్లీలు తేడా. నీ బొమ్మలో అది గోరు మందం కూడా ఉండదు, ఎవరి కంటికీ కనపడదు, సరిచేసేద్దామని నీకు అనిపిస్తుంది. సరిచెయ్యకు. వంగిన మెట్టు వంగినట్టే పెట్టు. అది ముందు నుంచీ వంకర కాదు.

ఇట్లు,
కొలత చదవడానికి ఇన్నేళ్ళు పట్టిన
మీ నాన్న